ఎర్ర చొక్కాకు మొహం

లాపాజ్ సంత మూల మీద ఎపిఫానియా నడిపే బాచోయ్ అంగడిలో పొద్దున పూట బల్ల ఖాళీ దొరకడం ఎప్పుడూ కష్టమే. ఆ వారం మరీ కష్టమైపోయింది. పన్యాంగ్ అని వీధంతా పిలుచుకునే ఆ పెద్దావిడ ఇప్పుడు వేడివేడి నూడుల్స్ పులుసుతో పాటు కోడి దొంగతనం కథ కూడా వడ్డిస్తోంది మరి. మళ్లీ గిన్నె నింపించుకునే వాళ్లలో సగం మంది కథ చివరిదాకా వినడానికే నింపించుకుంటున్నారు.

"ఇదిగో, సరిగ్గా ఇక్కడే నిలబడి ఉన్నా," అంది పన్యాంగ్, మరుగుతున్న ఎముకల పులుసును గరిటెతో ఎత్తి నూడుల్స్ మీద పోస్తూ. "చీకటి పడుతోంది. వాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఎర్ర చొక్కా. టోపీ వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు. చంకలో కోడి. ఇటు తిరిగి నన్ను చూశాడు. చూసి సిగ్గులేకుండా నవ్వాడు!"

"నవ్వాడా నాయ్?" ఎదుటి బల్ల దగ్గరి బస్సు డ్రైవరు చెంచా గాల్లోనే ఆపేశాడు. వీధిలో అందరికీ ఆవిడ నాయ్, అంటే అమ్మే.

"పళ్లన్నీ బయటపెట్టాడయ్యా! రెనాన్ గాడి పళ్లు నాకు తెలియవా?"

వెనకాల ఉల్లికాడలు తరుగుతున్న కూతురు అర్లీన్ చేతిలో కత్తి ఆగింది. సోమవారం ఈ కథలో నవ్వు లేదు. టోపీ కూడా లేదు. ఎర్ర చొక్కా, చంకలో కోడి, పరుగు, అంతే. నిన్న టోపీ వచ్చి చేరింది. ఇవాళ నవ్వు. ఇలాగే సాగితే శనివారానికి దొంగ ఆగి, ఒక గిన్నె బాచోయ్ కూడా తాగి పోతాడేమో అనుకుంది.

"నాయ్," అంది, తరిగిన ఉల్లికాడల పళ్లెం అమ్మ ముందు పెడుతూ. "నిన్న వాడు నవ్వలేదుగా?"

"నిన్న గిరాకీ ఎక్కువై చెప్పలేదే."

"చెప్పకపోవడమా, గుర్తు రాకపోవడమా?"

పన్యాంగ్ గిన్నెలో పంది తోలు వేపుడు పలుకులు చల్లుతూ కూతురి వైపు ఒక చూపు చూసింది. "ఇందాయ్, పిల్లా, నీ కాలేజీ ప్రశ్నలు కాలేజీలో అడుగు. ఈ బల్లల దగ్గర ఎవరికి వెల్లుల్లి పడదో, ఎవరికి కాలేయం ముక్క ఎక్కువ వెయ్యాలో కాగితం ముక్క చూడకుండా చెబుతా. మన వీధి కుర్రాడి మొహం మర్చిపోతానా?"

అదే చిక్కు. అందుకే ఆవిడ మాటను వీధిలో ఎవరూ కాదనరు. అందరూ మనోంగ్, అంటే అన్న, అని పిలిచే ఫెర్మిన్ తన పందెం కోడి 'హెనెరాల్' పోయిందని పేట పాలన చూసే బరంగాయ్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చినప్పుడు, సాక్షి పన్యాంగ్ అని తెలియగానే బరంగాయ్ పెద్ద, అందరూ కప్ అని పిలిచే లెటీకి అనుమానం లేకుండా పోయింది. ఆ తర్వాత చేపల బెబిత్, మంగలి సిమో కూడా తామూ చూశామన్నారు. శనివారం పంచాయితీ. అక్కడ తేలకపోతే పోలీసులు. పోలీసుల దాకా పోతే ఆ కుర్రాడు కిరాయికి నడిపే మూడు చక్రాల ట్రైసికిల్ బండి లైసెన్సు గతి అంతే.

అర్లీన్ గిన్నెలు ఎత్తి, చేతులు కడుక్కుని, సంచీ తగిలించుకుని జీప్నీ బస్సు ఎక్కింది. దారి పొడుగునా ఆమెకు ఆ నవ్వే కనిపించింది, అది ఎవరూ నవ్వని నవ్వు అని తెలిసి కూడా.

యూనివర్సిటీలో ఆమె చెప్పే పాఠం ఇదే: మనిషి ఎలా చూస్తాడు, ఎలా గుర్తుపెట్టుకుంటాడు, ఎలా ఆలోచిస్తాడు. ఆ మధ్యాహ్నం రెండో సంవత్సరం పిల్లలు భోజనం మత్తులో ఉన్నారు. ఫ్యాను కిర్రుమంటోంది.

"మనసు గురించి మాట్లాడటమే తప్పన్న రోజులు ఉన్నాయి," అని మొదలుపెట్టింది. "మూత పెట్టిన కుండ అనుకోండి. లోపల ఏముందో మనకెందుకు, కింద మంట ఎంత పెట్టాం, పైకి ఆవిరి ఎంత వచ్చింది, అది కొలవండి చాలు అన్నారు. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఓహో, మనిషి బుర్ర కూడా ఇలాంటిదే అన్నారు. విన్నది లోపలికి పోతుంది, వడపోత పడుతుంది, అరల్లో సర్దుకుంటుంది, కావలసినప్పుడు తీస్తాం. ఇంకొందరు ఊహలెందుకు, మెదడునే చూద్దామని, ఏ పని చేస్తే ఎక్కడికి రక్తం ఎక్కువ చేరుతుందో బొమ్మలు తీశారు. మరికొందరు అరలూ లేవు, పెట్టెలూ లేవు, ఉన్నది చేపల వల లాంటిది, ఒక ముడి లాగితే వలంతా కదులుతుంది అన్నారు."

ముందు వరసలో క్రిస్టెల్ చెయ్యెత్తింది. "మేడమ్, వీళ్లలో ఎవరు కరెక్టు? పరీక్షలో ఎవరిని రాయాలి?"

క్లాసు నవ్వింది. మత్తు కొంచెం వదిలింది.

"అందరినీ రాయి, పుణ్యం వస్తుంది. కానీ ఒక విషయం మాత్రం ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటారు. జ్ఞాపకం అంటే అల్మరాలోంచి తీసి తొడుక్కునే చొక్కా కాదు. తీసిన ప్రతిసారీ మళ్లీ కుట్టుకునేది. పాత గుడ్డ కొంత, దారిలో దొరికిన గుడ్డ కొంత."

"మరి కొన్ని అస్సలు చెదరవు కదా మేడమ్?"

"చెదరనివీ ఉంటాయి," అని ఏటా చెప్పే వరద సంగతే చెప్పింది. నది పొంగి వీధిలోకి వచ్చిన రోజు. నాన్న తనను భుజాల మీద ఎక్కించుకుని, ఛాతీ లోతు నీళ్లలో చర్చి మేడ దాకా మోసుకుపోవడం. పక్కనే తలుపు చెక్క మీద కూర్చుని కొట్టుకుపోతున్న పంది, రాణిలా చూస్తూ. తడిసిన పొగాకు వాసన.

పంది దగ్గర పిల్లలు ఎప్పుడూ నవ్వుతారు. ఈసారీ నవ్వారు. క్రిస్టెల్ మాత్రం పెన్ను బుగ్గకు ఆనించుకుని, "ఇది కుట్టింది కాదని ఎలా తెలుస్తుంది మేడమ్?" అంది.

"నేను అక్కడ ఉన్నాను కాబట్టి," అంది అర్లీన్.

తిరిగి వస్తుంటే వీధి మొదట్లో రెనాన్ తన ట్రైసికిల్‌ను కడుగుతున్నాడు. అప్పటికే అద్దంలా ఉన్న బండిని మళ్లీ కడుగుతున్నాడు. ఆమెను చూసి బకెట్ పక్కన పెట్టి నాటకంలో లాగా వంగి దండం పెట్టాడు.

"ఎక్కకండి మేడమ్. కోడి దొంగ బండి. మీ అమ్మగారు చూస్తే మిమ్మల్ని కూడా కేసులో పెడతారు."

"ఇంటిదాకా పోనీ," అని ఎక్కి కూర్చుంది.

ఇంజను మోతలో అతను అరిచి మాట్లాడాడు. "ఆదివారం సాయంత్రం మా ఆవిడను తీసుకుని డాక్టరు దగ్గర ఉన్నా మేడమ్. ఆవిడ చెబితే పెళ్లాం సాక్ష్యం చెల్లదంటున్నారు. డాక్టరు దగ్గర అంతమంది కూర్చున్నారు, ఒక్కరికీ నేను గుర్తులేనట! చూడండి విచిత్రం, ఉన్న చోట ఎవరికీ కనపడలేదు, లేని చోట ముగ్గురికి కనిపించా!" నవ్వాడు గానీ, దారిలో ఎవరూ అడ్డం లేకపోయినా హారన్ నొక్కాడు. "నాకు ఎర్ర చొక్కానే లేదు మేడమ్. ఈ మాట చెబితే దాచేశావంటారు."

ఆ సాయంత్రం అమ్మ రేపటి ఎముకలు కడుగుతుంటే అర్లీన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. తప్పు అని ముఖాన అంటే అమ్మ వినదు. ఆవిడ బుర్ర ఆవిడనే ఎలా ఆట పట్టిస్తుందో చూపించాలి. క్లాసులో ఏటా పిల్లల్ని బుట్టలో వేసే ఆటే.

"నాయ్, కొన్ని మాటలు చెబుతా. తర్వాత నేనడిగినవి విన్నావో లేదో చెప్పు. ఉప్పు, వల, పడవ, మొప్పలు, గాలం, సముద్రం, పొలుసు, నీచు, ముల్లు."

"ఇదేనా మీ చదువు?"

"ఆడు ముందు." కాసేపు వేరే సంగతులు మాట్లాడి అడిగింది. "పడవ?"

"అన్నావు."

"నిచ్చెన?"

"అనలేదు."

"చేప?"

పన్యాంగ్ ఎముక మీది నెత్తురు రుద్దుతూనే జవాబిచ్చింది. "అనలేదు. పొలుసు అన్నావు, ముల్లు అన్నావు, చేప మాత్రం ఎందుకు అనలేదా అనుకున్నా. మోసం చేద్దామనేగా?"

క్లాసులో సగం మంది పడిపోయే గోతిని అమ్మ పక్కనుంచి నడిచి దాటేసింది.

"చూశావా నా బుర్ర!" పన్యాంగ్ తడిచేత్తోనే తన తల మీద తట్టుకుంది. "శనివారం కప్ లెటీకి కూడా ఈ ఆట చెబుతా."

"అది కాదు నాయ్. మాటలు వేరు, మొహాలు వేరు. కొన్ని జ్ఞాపకాలు గట్టిగా ఉంటాయి, నేను కాదనను. వరద రోజు నాన్న నన్ను భుజాల మీద మోసుకుపోయాడే, అలాంటివి. తలుపు చెక్క మీద పంది కూడా..."

కడగడం ఆగింది. కొళాయి మాత్రం కారుతోంది.

"నిన్నా?" అంది పన్యాంగ్.

"నన్నే. చర్చి మేడ దాకా."

"నువ్వెక్కడున్నావే అప్పుడు? తట్టు పోసి గిమారాస్ దీవిలో మీ పిన్ని ఇంట్లో పడుకుని ఉన్నావు. వరద తగ్గాక పడవలు తిరిగితే గానీ నిన్ను తెచ్చుకోలేదు. మోసింది మీ అన్నను."

"కాదు నాయ్. నాకు ఆయన జుట్టు చేతికి తగిలింది కూడా గుర్తుంది. పొగాకు వాసన..."

పన్యాంగ్ చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. బకోలోద్‌లో ఉన్న కొడుకు డానీ గొంతు స్పీకరులో నవ్వుతూ పలికింది. సంగతి విన్నాక ఆ నవ్వు ఇంకా పెద్దదైంది.

"ఓసి దొంగా! వరద పోతే పోయింది, నా పందిని కూడా కొట్టేశావా? ఆ పంది కథ నేను నీకు ఎన్నిసార్లు చెప్పానో! ఇంటికి తెచ్చాక కూడా జ్వరంలో పడుకుని, ఇంకోసారి చెప్పు మనోంగ్, ఇంకోసారి చెప్పు మనోంగ్ అని ఏడిపించేదానివి. నిద్రపోయేదాకా చెప్పేవాణ్ని."

పన్యాంగ్ ఫోన్ పెట్టేసింది. అర్లీన్‌కు ముందు నవ్వొచ్చింది. ఏటా పిల్లలకు చెప్పే పాఠానికి తనే ఉదాహరణ! నవ్వు సగంలో ఎక్కడో తడబడింది. నాన్న పోయాక ఆయనది తనకంటూ మిగిలిన వాటిలో ఆ వరదే అన్నిటికంటే పెద్దది. ఇప్పుడు చూస్తే అందులో తను లేదు. కళ్లు మూసుకుంది. నీళ్లు, పంది, తడి జుట్టు, అన్నీ ఉన్న చోటే ఉన్నాయి. అబద్ధమని తెలిశాక కూడా ఒక్కటీ మసకబారలేదు.

పన్యాంగ్ కూతురి మొహాన్నే చూస్తోంది. దగ్గరికి జరిగి, నీచు వాసన వేసే చేత్తో ఆమె గడ్డం పట్టుకుంది.

"భుజాలు మాత్రం ఆయనవేనే. నిన్ను ఎక్కించుకోకుండా ఆయన ఏ రోజు సంతకు పోయాడు? నీళ్లు లేవు, అంతే."

అర్లీన్ ఆ చెయ్యి తీసి పక్కన పెట్టలేదు.

కాసేపటికి పన్యాంగ్ మళ్లీ కొళాయి ముందు కూర్చుంది. కడిగిన ఎముకనే కడిగింది. "నీకు వాసన కూడా వచ్చిందా?" అని అడిగింది, తల తిప్పకుండా.

"వచ్చింది నాయ్. ఇప్పటికీ వస్తోంది."

"ఊఁ," అంది పన్యాంగ్.

శుక్రవారం అంగడిలో కథ లేదు. బస్సు డ్రైవరు రెండుసార్లు అడిగాడు. "ఆ నవ్విన సంగతి మళ్లీ చెప్పు నాయ్, మా కండక్టరు వినలేదు." పన్యాంగ్ అతని గిన్నెలో కాలేయం ముక్క వేసి, "తిను, చల్లారిపోతుంది," అంది. చేపల బెబిత్ వచ్చి, "ఒంట్లో బాగాలేదా?" అంటే, "బాగానే ఉంది," అంది. మధ్యమధ్యలో గరిటె పట్టుకుని వీధిలోకి అలా చూస్తూ నిలబడింది. కుండ మీంచి ఆవిరి లేచి ముఖం ముందు ఆడుతుంటే, చేత్తో దాన్ని అటూ ఇటూ తోసి, రోడ్డు మీద పోయేవాళ్లను కళ్లు చిట్లించి చూసింది. వెనక నుంచి అర్లీన్ అది గమనించింది. రేపు పంచాయితీలో తను లేచి నిలబడి చెప్పవలసిన మాటలు మనసులో సర్దుకుంటోంది. అమ్మను చిన్నబుచ్చకుండా ఎలా చెప్పాలో ఎన్ని రకాలుగా సర్దినా కుదరలేదు.

శనివారం బరంగాయ్ ఆఫీసు హాలు నిండిపోయింది. ప్లాస్టిక్ కుర్చీలు చాలక కొందరు కిటికీల్లో కూర్చున్నారు. బయట ఒకామె అరటిపండ్ల వేపుడు అమ్ముకుంటోంది. కప్ లెటీ విసనకర్రతో బల్ల మీద కొట్టి నిశ్శబ్దం చేసింది. ఒక పక్క మనోంగ్ ఫెర్మిన్, గుండీలు మెడ దాకా పెట్టుకుని, చనిపోయిన బంధువు కోసం వచ్చినట్టు కూర్చున్నాడు. ఇంకో పక్క రెనాన్, పక్కన నిండు నెలల భార్య.

"నాయ్ పన్యాంగ్, ముందు నువ్వు చెప్పు," అంది లెటీ.

అర్లీన్ చెయ్యెత్తబోయింది. అమ్మ అప్పటికే లేచింది. చర్చికి వేసుకునే పూల గౌను వేసుకుంది. ఆవిడ ముందుకు వెళ్లి బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఆదివారం చీకటి పడేవేళ," అని ఆగింది. "కుండ ముందు ఉన్నా. ఆవిరి. ఎర్ర చొక్కా మనిషి ఒకడు పరుగెత్తుకుంటూ పోయాడు. చంకలో ఏదో ఉంది. అంతవరకు నేను చూశా."

"తర్వాత?"

"తర్వాత ఫెర్మిన్ రొప్పుతూ వచ్చాడు. 'నాయ్, రెనాన్ గాడు ఇటు పోయాడా?' అని అడిగాడు. ఇటు పోయింది ఎవరు అని అడగలేదు, రెనాన్ పోయాడా అని అడిగాడు. అవును, ఇప్పుడే పోయాడు అన్నా." పన్యాంగ్ గొంతు సవరించుకుంది. "కప్, అప్పటిదాకా ఆ చొక్కాకు మొహం లేదు. ఆ మొహం నేను తర్వాత పెట్టా. పెట్టాక అది ఎంత బాగా అతుక్కుందంటే, ఇప్పుడు కళ్లు మూసుకున్నా ఈ కుర్రాడే కనపడుతున్నాడు. నవ్వుతున్నాడు కూడా."

హాల్లో గొణుగుడు లేచింది. ఫెర్మిన్ కుర్చీలోంచి లేచాడు. "ఇదెక్కడి అన్యాయం! మీ అమ్మాయి నేర్పించిందా ఈ మాటలు?"

"మా అమ్మాయా?" పన్యాంగ్ వెనక్కి తిరిగి చేత్తో చూపించింది. "దాని సంగతి చెబుతా విను. ఇలాంటి పాఠాలు చెప్పడమే దాని ఉద్యోగం. అలాంటిదే, వరద రోజు వాళ్ల అన్న ఎక్కిన నాన్న భుజాలు తనే ఎక్కానని, వాడు చూసిన పందిని తనే చూశానని ఇన్నేళ్లు నమ్మింది! వాసన కూడా వచ్చిందట దానికి. ఉన్నది మాత్రం గిమారాస్‌లో, ఒళ్లంతా తట్టుతో!"

హాలంతా నవ్వు. కిటికీలో కూర్చున్నవాడు పడబోయి ఆపుకున్నాడు. అర్లీన్ కుర్చీలోకి కుంగిపోయింది. తను ఇన్నిసార్లు సర్దుకున్న మాటలన్నీ అమ్మ ఒక్క పందితో చెప్పేసింది.

"అంత చదివిన దానికే అలా అయితే," అంది పన్యాంగ్, నవ్వు తగ్గాక, నెమ్మదిగా, "కుండ ముందు నిలబడ్డ నాకు కాదా? రాసుకోండి కప్. ఎవరో పన్యాంగ్‌కు తెలియదు."

లెటీ విసనకర్ర ఆగిపోయింది. ఎదురుగా ఉన్న గుమాస్తా పెన్ను పట్టుకుని రాయాలా వద్దా అన్నట్టు ఆవిడ వైపు చూశాడు.

"రాయి," అంది లెటీ. "ఈ బల్ల ముందు ఈ మాట ఎవరూ అనగా నేను వినలేదు, రాయి. బెబిత్, నువ్వు చెప్పు."

చేపల బెబిత్ కూర్చున్న చోటనే కదిలింది. "నేనా... నేను చూశా కప్. పరుగెత్తే మనిషిని. అంటే, వీపు చూశా." ఆవిడ చేతులు దేనికోసమో వెతికి, చివరికి ఒళ్లో సంచీ పట్టుకున్నాయి. "నాయ్ పన్యాంగ్ చెప్పింది కదా అని రెనాన్ అన్నా. ఆవిడ ఎప్పుడు తప్పు చెప్పింది గనక?"

"మనోంగ్ సిమో?"

మంగలి సిమో తల గోక్కున్నాడు. "నిజం చెప్పాలంటే కప్, ఆ టైంలో నా చేతిలో ఒకాయన గడ్డం ఉంది. తల ఎత్తితే ఆయన గొంతు తెగేది. పొద్దున్నే బాచోయ్ తాగుతూ రోజూ వినీ వినీ, నేనూ చూశాననే అనుకున్నా. ఇప్పుడాలోచిస్తే ఎర్ర చొక్కా కూడా చూడలేదు."

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా లేచింది. లెటీ కూడా విసనకర్ర అడ్డం పెట్టుకుంది. ముగ్గురు సాక్షులు ఒక వీపుగా మిగిలారు.

"అయితే నా హెనెరాల్ తనంతట తనే నడిచిపోయాడా?" ఫెర్మిన్ గొంతులో ఏడుపు ఉంది.

"కాళ్లున్నాయిగా మనోంగ్, పోకూడదని ఏముంది," అంది లెటీ, తర్వాత గొంతు తగ్గించి, "వెతికిద్దాం. ఎరుపు వేసుకున్న ప్రతివాణ్నీ కాదు, కోడిని వెతికిద్దాం. రెనాన్, నువ్వు సోమవారం నుంచి భయం లేకుండా బండి తియ్యి. సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే తియ్యి."

జనం లేచారు. కుర్చీలు గీసుకున్నాయి. రెనాన్ భార్యకు చెయ్యి అందించి లేపుతున్నాడు. పన్యాంగ్ వాళ్లకు అడ్డంగా వెళ్లి నిలబడింది. క్షమించమంటుందేమో అని చుట్టూ ఉన్నవాళ్లు ఆగారు. ఆవిడ ఆ మాట అనలేదు. కళ్లద్దాలు గౌను అంచుతో తుడిచి పెట్టుకుంది. ఆ కుర్రాడి గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పింది. నుదురు చూసింది, కనుబొమలు చూసింది, బుగ్గలు చూసింది. అతను నవ్వాలో వద్దో తెలియక బిగుసుకుపోయి నిలబడ్డాడు.

"ఒరేయ్," అంది ఆశ్చర్యంగా. "నీకు చెవి కింద ఇంత పుట్టుమచ్చ ఉందా!"

"పుట్టినప్పటి నుంచి ఉంది నాయ్."

"మా వీధిలోనే కదరా పుట్టావు," అంది పన్యాంగ్. చెయ్యి తియ్యకుండా ఇంకాసేపు చూస్తూనే ఉంది.